నాలుగో ప్రతివాది సంతకం

మేడ్చల్
29 జూన్ 2025

కోడలు పిల్లకు,

నువ్వు రైలెక్కి ఎనిమిది రోజులైంది. రోజూ ఫోన్‌లో మాట్లాడుతూనే ఉన్నాం, కానీ అది మాట్లాడినట్టే లేదు. మీ బాపు ఫోన్ స్పీకర్‌లో పెడతాడు. "ఏం దిన్నవ్ బిడ్డా" అని నేను అడిగేలోపే గోడ అవతలి నుంచి ఇంకెవరో అడిగేస్తారు. అందుకే నువ్వు గురుకులం హాస్టల్లో ఉన్నప్పటిలాగే మళ్లీ కాగితం పట్టాను. ముప్ఫై ఏళ్లుగా రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు బల్ల వేసుకుని దస్తావేజులు రాస్తున్న మనిషిని, ఫోన్ మీద ఒక్కో అక్షరం పొడుచుకుంటూ కూర్చోవడం నా వల్ల కాదు. జవాబు కూడా కాగితం మీదే రాయి. అప్పుడైతే నీ మాటలు నేనొక్కణ్ణే చదువుకుంటాను.

నీ ఉద్యోగమేమిటో ఇక్కడ ఎవరికీ అర్థం కావడం లేదు. మీ అవ్వకు చెప్పడానికే నాకు ఒక పూట పట్టింది. "సుప్రీంకోర్టుల లా క్లర్క్" అనగానే మా అమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. "ఐదేండ్లు శామీర్‌పేటల లా సదివి క్లర్కాయెనారా? మన మైసయ్య కొడుకు పదో తరగతి సదివి క్లర్కయిండు గదా!" అంది. ఇది ఆ క్లర్కు కాదని, జడ్జి చదవాల్సిన కేసుల్ని ముందు మన పిల్ల చదివి సంగతేమిటో రెండు పేజీల్లో రాసి పెడుతుందని, దేశమంతా పరీక్ష రాస్తే కొందరికే ఈ పని దొరుకుతుందని, ఏడాది పాటు అక్కడ చేసి వస్తే తర్వాత ఎక్కడికి పోయినా కుర్చీ వేస్తారని చెప్పాను. అంతా విని, "అంటే నీ అసొంటి పనే, జడ్జికాడ జేస్తది" అంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

మీ బాపు జైపాల్ మాత్రం నేల మీద నడవడం లేదు. మన లాల్‌గడి మలక్‌పేట్ భూమి కేసు నీకు తెలిసిందే. మీ తాత గౌరయ్య పోయాక మన దాయాది ఆ మూడెకరాలూ తనవేనని ప్లాట్ల వెంచర్ వాళ్లకు అమ్ముకున్నాడు. మేడ్చల్ కోర్టులో ఓడిపోయాం, మొన్న మార్చిలో హైకోర్టులో గెలిచాం. ఇప్పుడు వెంచర్ వాళ్లు ఢిల్లీకి పోతున్నారట. మీ బాపు మైసయ్య చాయ్ హోటల్లో కూర్చుని "పోనియ్యి, ఆడ మా శృతి ఉన్నది" అంటున్నాడు. "బావా, పిల్ల ఆడికి కేసులు సదివేటందుకు పోయింది, తెంపేటందుకు గాదు" అన్నాను. నవ్వి ఇంకో చాయ్ చెప్పాడు.

ఢిల్లీ ఎండలకు జాగ్రత్త. రొట్టెలు నచ్చకపోతే కుక్కర్ కొనుక్కో, సిగ్గుపడకు.

నీ మామ,
ధర్మేందర్


న్యూఢిల్లీ
9 జూలై 2025

మామా,

నీ కవరు చూసి మా హాస్టల్ వార్డెన్ ఇది ఏ ప్రభుత్వ ఆఫీసు నుంచి వచ్చిందని అడిగింది. మా మామ చేతిరాత అంటే నమ్మలేదు. నాకు మాత్రం గర్వంగా అనిపించింది, కొంచెం ఏడుపు కూడా వచ్చింది. కుక్కర్ కొన్నాను.

పని గురించి అవ్వ చెప్పిందే నిజం. ఉదయం తొమ్మిదికి ఫైళ్ల కట్టలు వస్తాయి. ఎవరు ఎవరి మీద కేసు వేశారు, కింది కోర్టు ఏమంది, ఇక్కడ ఏమడుగుతున్నారు, ఇవన్నీ వెతికి రాయాలి. మా జడ్జి గారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మొదటి రోజు నన్నూ, నాతో చేరిన ఇంకో అబ్బాయినీ పిలిచి, "అన్ని పేజీలూ నేనొక్కదాన్నే చదవలేను. మీరు చదివింది నమ్ముతాను. మీరు నాకు తప్పు చెబితే నేను ఎవరికో అన్యాయం చేస్తాను" అన్నారు. అంతే, మళ్లీ ఫైల్లో తల దూర్చారు. ఆ రోజు నుంచి ప్రతి నోటూ మూడుసార్లు సరిచూసుకుంటున్నాను మామా. ఇంత ఇష్టంగా ఏ పనీ చేయలేదు.

రెండు సంగతులు. ఒకటి, బాపును ఆపు. "ఆడ మా శృతి ఉన్నది" అనే మాట ఇంకెవరి చెవినా పడకూడదు. ఎవరైనా అది పట్టుకుని ఇక్కడికి రాశారంటే నన్ను ఆ పూటే పంపేస్తారు.

రెండోది, చేరిన రోజు ఒక ఫారం నింపాను. మీరు కక్షిదారుగా ఉన్న కేసు ఏ కోర్టులోనైనా ఉందా అని అందులో ఉంది. లేదని రాసి సంతకం చేశాను. మన కేసు అవ్వది, నీది, అమ్మ వాటా తరఫున బాపుది కదా. అమ్మ పోయినప్పుడు నాకు పద్నాలుగేళ్లు, నా తరఫున కూడా బాపే సంతకాలు పెట్టాడని గుర్తు. అయినా ఒకసారి అడుగుదామనిపించింది. నా పేరు ఏ కాగితంలోనైనా ఉంటే ఇప్పుడే చెప్పు. ఏమైనా పొరపాటు ఉంటే ఈ నెలాఖరులోపు దిద్దుకోవచ్చని చెప్పారు. ఆ తర్వాత దిద్దితే దాచిపెట్టినట్టే లెక్క.

అవ్వ కంటి ఆపరేషన్ తేదీ రాయి.

శృతి


మేడ్చల్
18 జూలై 2025

శృతీ,

అవ్వ ఆపరేషన్ అయిపోయింది. కట్టు విప్పగానే నన్ను చూసి "ఏందిరా గింత ముసలోడివైనవ్" అంది. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ఇన్నాళ్లూ ఆమె కంటికి నేను నల్ల జుట్టుతోనే ఉన్నానన్నమాట.

వానలు మొదలయ్యాయి. బల్ల మీద కప్పే తాడిపత్రి చిరిగితే దూలపల్లిలో అవి కుట్టే షెడ్డు నుంచి కొత్తది తెప్పించాను. నిన్న మచ్చ బొల్లారం నుంచి దుర్గాబాయి అని ఒకామె వచ్చింది. ఇల్లు కూతురి పేర రాయించాలి, కొడుకు ఒప్పుకున్నట్టు కాగితం కావాలి, అతను పుణెలో ఉన్నాడు. "వాడు రానే రాడు సారూ, వాని సంతకం నువ్వే పెట్టు, నీకు రానిదా" అంది. ఇలాంటివి నీకు కొత్తగా అనిపిస్తాయేమో, మా దగ్గర మామూలే. ఇంట్లో అందరికీ ఇష్టమైన పనికి ఊళ్లో లేనివాడి సంతకం ఇంటివాళ్లెవరో పెట్టేస్తారు, ఎవరూ తప్పనుకోరు. కానీ నిన్న నాకెందుకో చెయ్యి లేవలేదు. కొడుకునే రమ్మను అని పంపించేశాను. ఆమె నన్ను తిట్టుకుంటూ పోయింది.

బాపుకు చెప్పాను. "నా బిడ్డ గురించి నేను జెప్పుకుంటే నీకేంది" అన్నాడు. నాలుగు రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు హోటల్లో కొంచెం మెల్లగా చెబుతున్నాడట.

పేరు సంగతి అడిగావు. ఇంటి కేసు అన్నాక ఇంటి పిల్లల సంగతులు ఉంటూనే ఉంటాయి. నువ్వు దాని గురించి బుర్ర పాడుచేసుకోకు. కాగితాల పని నాది. చిన్నప్పటి నుంచి నీ కాగితాలన్నీ నేనే చూసుకున్నాను, ఎన్నడైనా తేడా వచ్చిందా? నువ్వు నీ పని మీద మనసు పెట్టు.

కళ్లకు విశ్రాంతి ఇవ్వు.

ధర్మేందర్


న్యూఢిల్లీ
2 ఆగస్టు 2025

మామా,

నిన్నటి నుంచి ఏడుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. బాపు ఎత్తాడు గానీ ఆయనతో ఏమీ అనలేకపోయాను.

నిన్న నా బల్ల మీదికి ఒక కట్ట వచ్చింది. పై కాగితం తిప్పగానే లాల్‌గడి మలక్‌పేట్ గ్రామం, శామీర్‌పేట మండలం అని ఉంది. మన ఊరి పేరు అక్కడ చూసి ముందు సంతోషించాను మామా. అంత పిచ్చిదాన్ని. కింద ప్రతివాదుల పేర్లు. ఒకటి, బాలనర్సమ్మ. రెండు, ధర్మేందర్. మూడు, జైపాల్. నాలుగు, శృతి, తండ్రి జైపాల్, విద్యార్థిని.

వెనక హైకోర్టు కాగితాల నకళ్లు ఉన్నాయి. 2022 నవంబర్ 18న నేను హైదరాబాద్‌లో వకీలు ఎదుట స్వయంగా హాజరై, చదివి, అర్థం చేసుకుని సంతకం చేశానని ఉంది. ఆ రోజు నేను భోపాల్‌లో ఉన్నాను. కాలేజీ తరఫున వాదనల పోటీకి వెళ్లాను. పొద్దున నీకే ఫోన్ చేసి భయమేస్తోందని ఏడ్చాను. నువ్వు "ఇంటికాడ అంత మంచిదే, నువ్వు కొట్లాడు" అన్నావు.

ఆ సంతకం ఎవరిదో నాకు తెలుసు. నా ఆరో తరగతి నోటుపుస్తకాల అట్టల మీద నా పేరు ఎవరు రాశారో వాళ్లదే.

నేను పోయిన నెల అడిగాను. అప్పుడు చెప్పి ఉంటే ఒక్క కాగితంతో దిద్దుకునేదాన్ని. నెలాఖరు దాటిపోయింది. కాగితాల పని నాది అని రాశావు, నేను నమ్మి నిద్రపోయాను. లా చదివే పిల్ల పేరు ఉంటే కేసుకు బలమని పెట్టావా? రేపు ఢిల్లీలో పనికొస్తుందనా? బాపు అయితే అర్థం చేసుకునేదాన్ని. నువ్వు ఇట్లా చేస్తావని కలలో కూడా అనుకోలేదు.

ఆ ఫైలు 18న విచారణకు వస్తుంది. ఒంట్లో బాగోలేదని చెప్పి దాన్ని పక్కన పెట్టాను. దాని మీద నోటు ఇవ్వాల్సిన 11న జడ్జి గారికి చెప్పి తీరాలి. సంతకం నాదంటే ఫారంలో అబద్ధం రాసినదాన్నవుతాను. నాది కాదంటే నువ్వు దొంగ సంతకం పెట్టినవాడివవుతావు, అవ్వ గెలిచిన కేసు మళ్లీ మొదటికి వస్తుంది. ఏది రాయమంటావు? నువ్వే చెప్పు, దస్తావేజులు రాసేవాడివి కదా.

శృతి


మేడ్చల్
6 ఆగస్టు 2025

బిడ్డా,

ఫోన్ మీద నీ పేరు కనబడినప్పుడల్లా దాన్ని బోర్లా పెట్టాను. ఎత్తితే నా గొంతు వినే నీకు తెలిసిపోయేది.

నేనే పెట్టాను. ఆ రోజే అప్పీలుకు ఆఖరు రోజు. అంతకుముందు నువ్వు మైనరువు, నీ తరఫున బాపు ఉండేవాడు. నీకు పద్దెనిమిది నిండాయి కాబట్టి నీ సంతకమే కావాలన్నాడు వకీలు. "ఆ పిల్ల పేరు తీసేద్దం, భవాని వాటా నా ఒక్కని పేరు మీద రానియ్యి, నా బిడ్డకు నేనియ్యనా" అన్నాడు మీ బాపు. అతను చెడ్డవాడు కాదు. కానీ ఎవరు కొంచెం తియ్యగా మాట్లాడినా కాగితం మీద సంతకం పెట్టే మనిషి. మా చెల్లె వాటా అట్లా పోతుందని నాకు భయం. మీ అమ్మ భవాని పోయే ముందు నా చెయ్యి పట్టుకుని ఏమన్నదో నీకెప్పుడూ చెప్పలేదు. "అన్నా, నా బిడ్డకు నా జాగ ఉండాలె" అన్నది. లా చదివే పిల్ల పేరు బలమనీ కాదు, ఢిల్లీ కోసమూ కాదు. అప్పటికి నువ్వు ఢిల్లీ పోతావని ఎవరికి తెలుసు?

నువ్వు పొద్దున ఏడుస్తూ ఫోన్ చేశావు. పోటీ వదిలిపెట్టి రమ్మంటే వచ్చేదానివి. అది చెప్పడానికి నాకు నోరు రాలేదు. వకీలు ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుని నాలుగు చోట్ల పెట్టేశాను. వకీలు నా ముఖం కూడా చూడలేదు.

జూలైలో నువ్వు అడిగినప్పుడు చెప్పాల్సింది. పెన్ను పట్టుకున్నాను, రాయలేదు. ముప్ఫై ఏళ్లలో నేను రాసిన కాగితం ఒక్కటీ తిరిగి రాలేదని అందరికీ చెప్పుకుంటాను. నీ ముందు ఆ గొప్ప పోతుందని భయపడ్డాను. ఇంతకంటే వేరే కారణం లేదు.

ఏం రాయాలని అడిగావు. "సంతకం నాదే" అని నువ్వు రాయి. చిన్నతనంలో పెట్టాను, మరిచిపోయాను అను. ఇరవై ఏళ్ల పిల్ల మరిచిపోయిందంటే ఎవరైనా నమ్ముతారు. ఒక్క మాటతో అందరూ బతికిపోతాం. ఆ సంతకం పెట్టింది నేనని చెప్పే మనిషి నువ్వు తప్ప ఈ భూమ్మీద ఇంకొకరు లేరు.

తిట్టినా సరే, ఉత్తరం రాయి.

మామ


మేడ్చల్
11 ఆగస్టు 2025

శృతీ,

పోయిన ఉత్తరంలో రాసిన సలహా మరిచిపో. అది పోస్టులో వేసిన దగ్గర నుంచి నాకు అన్నం సహించలేదు.

నిన్న అవ్వకు అంతా చెప్పాను. కోడికి గింజలు వేస్తోంది. చేట కింద పెట్టి నన్ను చూసింది. ఆపరేషన్ అయిన కన్ను ఎర్రగా ఉంది. "నువ్ జేసిన తప్పు నువ్ జేసినవ్. ఇగ పిల్లతోని గూడ అబద్ధమాడిపిస్తవారా? భూమి పోతే పోనియ్యి, నేనేమన్న ఎత్తుకపోతనా? గా పిల్లను ఖరాబ్ జెయ్యకు" అంది. మళ్లీ చేట ఎత్తుకుంది. ఆమె చెప్పింది నిజం. దుర్గాబాయిని వెనక్కి పంపి మంచివాణ్ణయ్యానని మురిసిపోయాను, నిన్ను మాత్రం నా దారిలోకి లాగాను.

అందుకే ఈ ఉదయం మీ జడ్జి గారికి ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపాను. సదరు సంతకం నేనే పెట్టాను, నా మేనకోడలికి ఆ సంగతి తెలియదు, ఫారంలో ఆమె రాసింది ఆమెకు తెలిసిన నిజం, ఏ శిక్ష వేసినా నాకే వేయండి అని రాశాను. ఇంగ్లీషులో రాయించాలంటే ఇంకొకరికి చెప్పుకోవాలి, అందుకే తెలుగులోనే రాశాను. అంత పెద్ద కోర్టులో చదివి చెప్పేవాళ్లు ఎవరో ఒకరు ఉండకపోరు. పొద్దుటి నుంచి ఫోన్ చేస్తున్నా నీది కలవడం లేదు; ఇంకా చెప్పి ఉండకపోతే నువ్వు కూడా ఉన్నదున్నట్టు చెప్పేయి. ఇద్దరిదీ ఒకే మాట ఉంటుంది.

బల్ల ఎత్తేశాను. తాడిపత్రి మైసయ్యకు ఇచ్చాను. ఎన్నాళ్లకో గుండె మీద బరువు దిగినట్టుంది. నీ ఉద్యోగానికి ఇక ఏమీ కాదు.

నీ మామ,
ధర్మేందర్


న్యూఢిల్లీ
12 ఆగస్టు 2025

మామా,

గండం గడిచింది! ముందు ఈ మాట చదివి ఊపిరి పీల్చుకో, తర్వాత మిగతాది చదువు.

నీ ఆరో తేదీ ఉత్తరం శనివారం అందింది. అమ్మ మాట నాకు ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు? చదివి చాలాసేపు ఏడ్చాను. నీ మీద ఎంత కోపం వచ్చిందో అంత జాలి కూడా వేసింది. నువ్వు కోర్టు బోనులో నిలబడితే నేను చూడలేను మామా. ఆదివారమంతా ఆలోచించి కాగితం రాశాను. ఆ సంతకం నాదే, ఇరవై ఏళ్ల వయసులో ఇంటివాళ్లు పెట్టమంటే పెట్టాను, ఫారం నింపేటప్పుడు గుర్తు రాలేదు అని.

నిన్న జడ్జి గారికి ఇచ్చాను. ఆమె రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశారు. "మరిచిపోవడం తప్పే. కానీ ఫైలు కనబడగానే నీ అంతట నువ్వొచ్చి చెప్పావు. అది తక్కువ విషయం కాదు" అన్నారు. ఆ కేసు తను వినకుండా వేరే జడ్జీల దగ్గరికి పంపించారు. నన్ను ఉండమన్నారు. బయటికి వస్తుంటే వెనక్కి పిలిచి, "మీ ఇంట్లో భూముల గురించి ఆడపిల్లలకు చెప్పరా?" అని అడిగారు. నవ్వి ఊరుకున్నాను.

ఇప్పుడు మాత్రం కొంచెం సిగ్గుగా ఉంది. ఆమె నన్ను మెచ్చుకున్నది నేను నిజం చెప్పాననుకుని కదా. కానీ ఎవరికీ నష్టం లేని అబద్ధమని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఇక ఈ మాట ఎవరితోనూ అనకు. అవ్వతో కూడా వద్దు. మనిద్దరి మధ్యే ఉండిపోనీ.

ఈరోజు నాకు నేనే కోడికూర వండుకున్నాను. కారం ఎక్కువైంది.

నీ కోడలు,
శృతి


మేడ్చల్
16 ఆగస్టు 2025

బిడ్డా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. నా ఉత్తరం కూడా ఈపాటికి నీకు చేరే ఉంటుంది. ఫోన్ చేస్తే నీది ఆపేసి ఉంది. శనివారం కదా, పడుకున్నావేమో.

పోస్టాఫీసుకు పరిగెత్తాను. జడ్జి గారికి పంపిన కవరు 14వ తేదీనే అందినట్టు చూపిస్తోంది. వెనక్కి తెప్పించుకునే దారేమైనా ఉందా అని అడిగితే, చేరినదాన్ని ఎట్లా తెస్తామన్నారు. అక్కడే మెట్ల మీద కూర్చుని ఈ కాగితం తీశాను. ఒకరికి తెలియకుండా ఒకరం, నువ్వు నన్ను కాపాడబోతివి, నేను నిన్ను ముంచితిని.

ఇది రాయకూడదని తెలుసు, అయినా రాస్తున్నాను. పదిహేను సెలవు, తర్వాత శని ఆదివారాలు. ఇంకా ఎవరూ విప్పి ఉండకపోవచ్చు. తెలుగు ఉత్తరం కాబట్టి నీ దగ్గరికే పంపుతారేమో. కవరు మీది రాత చూస్తేనే నీకు తెలుస్తుంది. వస్తే పక్కకు పెట్టెయ్. ఏదో భూమి అర్జీ అని చెప్పు. మొన్న నీకు వేరేగా చెప్పాను, ఇప్పుడు మళ్లీ ఇట్లా చెబుతున్నాను. నన్ను ఏమనుకుంటావో అనుకో. నీ ఉద్యోగం నిలబడాలి, అంతే.

ధర్మేందర్


న్యూఢిల్లీ
24 ఆగస్టు 2025

మామా,

నీ 11వ తేదీ ఉత్తరం 14న అందింది. అప్పటి నుంచి ఆ కవరు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాను. బుధవారం మధ్యాహ్నం జడ్జి గారు గదిలోకి పిలిచారు. బల్ల మీద అది ఉంది. "ఇది మీ భాష అనుకుంటాను. ఏముందో చదివి చెప్పు" అని, టీ కలుపుకుంటూ కూర్చున్నారు.

కవరు చించి ఉంది. నాలుగు పేజీలు, ఎక్కడా కొట్టివేత లేదు. ముందు రోజే నీ 16వ తేదీ ఉత్తరం వచ్చింది, అది నా సంచిలోనే ఉంది. ఏదో భూమి అర్జీ అని అనొచ్చు. అలాంటివి రోజూ వస్తాయి. ఆమె తల ఊపి పక్కన పెట్టేవారు. ఆ గదిలో తెలుగు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఏం చెప్పినా నమ్మేవారు. అదే నన్ను పట్టుకుంది మామా. మొదటి రోజు ఆమె అన్నది గుర్తొచ్చింది, మీరు చదివింది నమ్ముతాను అని.

మొదటి మాట నుంచి చివరి దాకా చదివాను. నువ్వు రాసింది రాసినట్టు, ఒక్క ముక్క వదలకుండా. "నా మేనకోడలికి తెలియదు" అన్న దగ్గర ఆగాను. మంచినీళ్లు ఇచ్చారు. తాగి మిగతాది చదివాను.

"అయితే మొన్న నువ్వు రాసి ఇచ్చింది?" అని అడిగారు.

"అబద్ధం మేడమ్."

టీ కప్పు పక్కకు జరిపారు. తర్వాత, "నువ్వు మరిచిపోయి ఉంటే క్షమించగలిగాను. ఇది వేరు. ఈరోజు నిజం చదివావు, అది నేను మరిచిపోను. కానీ రేపటి నుంచి నువ్వు రాసే ప్రతి నోటూ నేను మళ్లీ చదువుకోవాలి. అలా పని జరగదు" అన్నారు. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. సాయంత్రం రాజీనామా ఇచ్చాను. యాభై రోజులు చేశాను, అంతే. తోటి అబ్బాయికి నా ఫైళ్లన్నీ అప్పగించాను.

నీ మీద కోపం ఉందా అని నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. ఉంది. జూలైలో చెప్పనందుకు ఉంది. నా మీద నాకు ఇంకా ఎక్కువ ఉంది. నువ్వు చెప్పమన్నందుకే అబద్ధం రాయలేదు, నాకు రాయాలనిపించి రాశాను.

నీ ఉత్తరాన్ని హైకోర్టుకు పంపుతున్నారు. ఆ సంతకం మీద అక్కడ విచారణ జరుగుతుంది. అది తేలేదాకా భూమి మీద ఎవరూ చెయ్యి వేయకూడదట. విచారణలో మొదటి సాక్షిని నేనే. ఈ సంతకం నీదా అంటారు, కాదనాలి. ఎవరిది అంటారు, నీ పేరు చెప్పాలి. ఈసారి నిజమే చెబుతాను, అందులో మార్పు లేదు. కానీ నువ్వు ఎదురుగా నిలబడి ఉంటే నా నోరు పెగలదు మామా. ఆ రోజుకు నువ్వు రాకు. వకీలును పంపితే చాలని చట్టం ఒప్పుకుంటుంది, చూశాను.

ఇరవై తొమ్మిదిన బయలుదేరుతున్నాను. స్టేషన్‌కు ఎవరూ రావద్దు. లగేజీ తక్కువే.

శృతి


మేడ్చల్
1 సెప్టెంబర్ 2025

శృతీ,

నువ్వు వచ్చి రెండు రోజులైంది. ఒకే ఊళ్లో ఉండి ఉత్తరం ఏమిటని అవ్వ అడుగుతోంది. నేను గడప దాకా వచ్చినప్పుడు నువ్వు లోపలి గదిలోకి వెళ్లిపోయావు. పిలవాలనిపించలేదు. అందుకే రాసి అవ్వ చేతికి ఇస్తున్నాను.

మీ బాపు నన్ను నానా మాటలూ అన్నాడు. పడ్డాను. నా బిడ్డ బతుకు పాడుచేశావని ఏడ్చాడు కూడా. చాయ్ హోటల్‌కు పోవడం మానేశాడు. వెంచర్ వాళ్లు ఫోన్ చేసి ఇప్పటికైనా రాజీకి రమ్మంటున్నారు. అవ్వ ఆ ఫోన్ తీసుకుని "నా పాణం పోయినంక రా" అని పెట్టేసింది. భూమి పోతే పోనియ్యి అన్నది కూడా ఆమే. ఏ మాట నమ్మాలో నాకూ తెలియదు.

నోటీసు మొన్న అందింది. సెప్టెంబర్ 22, ఉదయం పదిన్నర. నేను వకీలును పెట్టుకోవడం లేదు. నేనే రాసుకున్నాను, నేనే చెప్పుకుంటాను.

రావద్దని అడిగావు. నీ మాట ఇంతవరకు ఏదీ కాదనలేదు, ఇది మాత్రం కాదంటున్నాను. వస్తాను. నేను లేని చోట నా పేరు చెప్పాల్సిన గతి నీకు పట్టకూడదు. నీకు చెప్పకుండా, నీ ముఖం చూడకుండా ఒక పని చేశాను, దానితోనే ఇంత దూరం వచ్చింది. నువ్వు మాత్రం నన్ను చూసే చెప్పు. నేను తల వంచుకోను. నీ నోటి నుంచి ఆ మాట వినడానికి నాకు కష్టమేమీ లేదు. పది మంది ముందు తడబడకుండా నిజం చెప్పే పిల్ల మా ఇంట్లో ఒకతి ఉన్నదని నాకూ చూసుకోవాలని ఉంది.

సంతకం గురించి వాళ్లు వెంటనే అడగరు. ఇన్నేళ్లు కోర్టుల చుట్టూ తిరిగినవాణ్ణి, నాకు తెలుసు. ముందు నన్ను చూపించి, ఈయన నీకు ఏమవుతాడు అని అడుగుతారు. దానికి కూడా తడబడకుండా జవాబు చెప్పు.

నీ మామ,
ధర్మేందర్